గింజ యెత్తు

(ప్రసంగ పాఠము)

ఇంగ్లీషు భాషలో 'గ్రెయిన్' అని ఒక చిన్న మాట కలదు. నిఘంటువు తెరచి చూచినచో దాని క్రింద అర్థములు వరుసగా బారులు తీరి కనిపించును. వరి, గోధుమ, యవలు మున్నగు ధాన్యములకు అది పేరు. ఆ ధాన్యములోని ఒక్కొక్క విడి గింజకును అదే పేరు. ఇసుక రేణువును, ఉప్పు కల్లును, పంచదార పలుకును ఆ మాటతోనే చెప్పుదురు. తూనికలలో మిక్కిలి చిన్నదగు ఒక ప్రమాణము గ్రెయిన్. కొయ్యను చీల్చినపుడు కనిపించు గీతల వరుస గ్రెయిన్. పాత ఫొటోగ్రాఫు ఫిల్ముపై వెలుగు సోకి నల్లబడిన వెండి రేణువు గ్రెయిన్. ఒకని మాటలో నిజము బొత్తిగా లేదని చెప్పవలసివచ్చినపుడు ఇంగ్లీషువాడు గ్రెయిన్ అంతయైనను లేదనును. మనము ఆవగింజంతయైనను లేదందుము.

ఈ మాటకు మూలము లాటిన్ భాషలోని 'గ్రానుమ్'. దానికి విత్తనమని అర్థము. దానిమ్మపండును ఇంగ్లీషులో 'పొమెగ్రనేట్' అందురు. గింజలు గల పండని దాని భావము. గింజలు గింజలుగా కనిపించు రాయి కనుక 'గ్రానైట్' అను పేరు వచ్చినది. యుద్ధములలో విసరు చేతిబాంబును 'గ్రెనేడ్' అనుట దానిమ్మకాయ పోలికను బట్టియే. విత్తనమునుండి పండు, పండునుండి బాంబు వరకు ఆ మాట నడచిపోయినది.

ఒక్క మాటకు ఇన్ని అర్థము లేల వచ్చినవి? చిన్న వస్తువులను ఎన్నుటకు, తూచుటకు, పంచుటకు మనుష్యునికి అవసరము కలిగినపుడెల్ల చేతికందిన గింజయే కొలబద్ద యైనది. కొలబద్ద యనునది ఏర్పడిన పిదప అది ఎవరి చేతిలో నున్నదను ప్రశ్న తప్పదు. గింజయే జీవనాధారమైన గోదావరి డెల్టాలో ఈ ప్రశ్నకు పెద్ద చరిత్ర కలదు. ఆ చరిత్రను ఈ మాట వెంట నడచి కొంత పరిశీలింతము.

మొదట మన మాటలను చూతము. సూక్ష్మ వస్తువులను చెప్పుటలో తెలుగు ఏ భాషకును తీసిపోదు. 'రవ్వ' అను మాట ఒక్కటి చాలును. పొయ్యిలోనుండి ఎగయునది నిప్పురవ్వ; ఉప్మాకు వాడునది గోధుమరవ్వ; పెండ్లికూతురు చేతికి తొడుగునవి రవ్వల గాజులు; ఏమియు లేదనుటకు రవ్వంతయైనను లేదందుము. 'నలుసు' అనునది కంటిలో పడిన ధూళికణము. సంతానము కావలెనని వేచియున్న ఇంటిలో కడుపున పడిన శిశువు కూడ నలుసే. 'ఇసుమంత' అనుచో ఇసుక రేణువంత యని అర్థము. గోదావరి గట్టున నివసించువారికి ఆ పోలికను వివరింప నక్కరలేదు. 'వీసమెత్తు' అను మాట అంకగణితము నుండి వచ్చినది. వీసమనగా పదునారవ పాలు. వీసమును నాలుగు భాగములు చేసినచో ఒక్కొక్కటి 'కాని'. అనగా మొత్తములో అరువదినాలుగవ పాలు. వీటికన్నింటికిని మన పాత లెక్కలలో వేరువేరు గుర్తు లుండెడివి.

ఇక తూనికల సంగతి. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున తూనికల క్రమము చెప్పబడినది. కిటికీ సందునుండి వచ్చు ఎండలో ఆడుచు కనిపించు ధూళికణము 'త్రసరేణువు'. ఎనిమిది త్రసరేణువులు ఒక లిక్ష, అనగా పేనుగ్రుడ్డు. మూడు లిక్షలు ఒక నల్లావగింజ. మూడు నల్లావలు ఒక తెల్లావగింజ. ఆరు తెల్లావలు ఒక మధ్యరకపు యవగింజ. మూడు యవలు ఒక కృష్ణల. కృష్ణల యనగా మన గురివింద గింజ. లెక్క కట్టి చూచినచో ఒక గురివింద గింజకు 1,296 త్రసరేణువులు. ఎండలోని నలుసులను ఎవరును త్రాసులో వేయలేరు. కాని తూనిక అనునది కంటికి కనిపించు అతిసూక్ష్మ వస్తువునుండి మొదలు కావలెనను తలపు అందులో కలదు.

ఇంగ్లండులోను ఇట్లే జరిగినది. అచ్చట 13వ శతాబ్దమునాటి శాసనములు గోధుమ కంకి నడుమనుండి తీసిన 32 ఎండు గింజల బరువు ఒక పెన్నీ యని నిర్ణయించినవి. యవగింజ గోధుమగింజకంటె బరువు కనుక అదే పెన్నీ బరువునకు యవలు 24 చాలునని లెక్క. ఆ యవగింజ బరువే నేటి శాస్త్రీయమైన గ్రెయిన్. ఇంచుమించు 65 మిల్లీగ్రాములు. మూడు యవగింజలను బారుగా పేర్చినచో ఒక అంగుళము. ఇంగ్లీషు కొలత ప్రకారము కుట్టిన బూటుకును, దాని పై సైజు బూటుకును నేటికిని భేదము ఒక్క యవగింజ పొడవు, అనగా అంగుళములో మూడవ పాలు.

ఈ ఇంగ్లీషు యవగింజ మన దేశమునకు రూపాయి రూపమున వచ్చినది. ఈస్టిండియా కంపెనీవారు 1835లో చట్టము చేసి, తమ పాలనలోని ప్రాంతము లన్నిటికిని ఒకే రూపాయి నేర్పాటు చేసిరి. దాని బరువు 180 గ్రెయిన్లు. అందు స్వచ్ఛమైన వెండి 165 గ్రెయిన్లు. ఆ బరువే తులము. ఉత్తరాది లెక్కలో తులమునకు 96 గురివిందలు. రాజమహేంద్రవరము బజారులో కంసాలి త్రాసు ఒక సిబ్బెలో గురివిందలను, లేదా రూపాయిని వేసి రెండవ సిబ్బెలో బంగారము తూచుచున్నపుడు, ఒక వైపు మన చేల గట్లపై తీగకు కాచిన గింజయు, మరియొక వైపు ఇంగ్లండు పొలములలో పండిన గింజయు కలిసి ఆ బేరమును నడపినవని చెప్పవచ్చును.

మన తూనికలు తులము మీదనే పైకి సాగినవి. మూడు తులములు ఒక పలము. నలువది పలములు ఒక వీశె. ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఇరువది మణుగులు ఒక బారువ. ఒక వీశెకు 120 తులములు. గ్రెయిన్లలో చెప్పినచో 21,600. మనుష్యుడు ఒక అహోరాత్రమున విడుచు ఊపిరుల సంఖ్యగా మన పెద్దలు చెప్పునదియు ఇదే. ఇది కేవలము కాకతాళీయము. అయినను వీశె చింతపండు కొని తెచ్చుకొన్న తరమువారికి ఈ సంగతి వేడుక కలిగింపవచ్చును.

వైద్యములో గ్రెయిన్ మరికొంత కాలము నిలిచినది. మలేరియా జ్వరమునకు క్వినైన్ మాత్రలను గ్రెయిన్ల లెక్కన ఇచ్చిన దినములు పెద్దలకు జ్ఞాపక ముండును. ఆస్పిరిన్ బిళ్ళపై కొన్ని దేశములలో 325 మిల్లీగ్రాములని వింత సంఖ్య కనిపించుట ఇందుచేతనే. అది పాత అయిదు గ్రెయిన్ల మోతాదు. మన ఆయుర్వేద వైద్యులు మాత్రను కందిగింజంత, పెసరగింజంత, గురిగింజంత అని చెప్పిరి. ఒక్క హెచ్చరిక మాత్రము చేయవలెను. గురివింద గింజ తూచుటకే కాని తినుటకు కాదు. దాని పప్పులో తీవ్రమైన విషము కలదు. తన నలుపు నెరుగని గింజయని సామెత దానిని ఎత్తిపొడిచినది కాని, విషమును గూర్చి చెప్పలేదు.

చిన్న గింజను పెద్ద సంఖ్యగా పెంచి చూపిన ఘనతయు మన సీమకు కలదు. రాజరాజనరేంద్రుడు 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమునుండి పాలించెను. పిఠాపురము చెంతనున్న నవఖండవాడ గ్రామము ఆ రాజు దానముగా పావులూరివారి వంశమునకు సంక్రమించినది. ఆ వంశమువాడగు పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథమును తెనిగించి తెలుగులో గణితశాస్త్రమునకు బాట వేసెను. చదరంగపు పలకలో మొదటి గడికి ఒకటి, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు చొప్పున రెట్టించుచు పోయినచో 64 గడులకు మొత్త మెంత యగునో చెప్పు పద్యమొకటి ఆయన గణితము లోనిదని ప్రసిద్ధి. ఇరువది అంకెలు గల ఆ సంఖ్య 18,446,744,073,709,551,615. పద్యము దానిని అంకెలలో గాక శరములు, శశి, వేదములు, గిరులు మున్నగు పేర్లతో చెప్పినది. ఒక్క అంకెయైనను తప్పిపోలేదు.

ఆ సంఖ్య ఎంతటిదో తెలియవలెనన్నచో దానిని వడ్లగా భావింపుడు. డెల్టాలో విరివిగా పండు స్వర్ణ రకపు వడ్లు వేయి గింజలు తూచినచో సుమారు 20 గ్రాములు తూగును. ఆ లెక్కన చదరంగపు పలకపై చేరు వడ్లు 36,000 కోట్ల టన్నులకు పైబడును. నేడు ప్రపంచమంతయు ఏటేట పండించు వడ్లన్నియు పోసినను, ఆ పలక నిండుటకు నాలుగు వందల యేండ్లకు పైగా పట్టును.

మాటల రాకపోకలలో మరియొక విశేషము చెప్పవలసియున్నది. మన శనగలకు 'బెంగాల్ గ్రామ్' అనియు, ఉలవలకు 'హార్స్ గ్రామ్' అనియు ఇంగ్లీషు పేర్లు. ఈ 'గ్రామ్' ఇంగ్లీషువారి సొంత మాట కాదు. మన తీరములకు వారికంటె ముందు వచ్చిన పోర్చుగీసువారు గింజను తమ భాషలో పలికిన తీరే ఇంగ్లీషువారి నోట గ్రామ్ అయినది. దాని మూలము ఆ పాత లాటిన్ 'గ్రానుమ్'. కాని నేడు మనము తూనికలలో వాడు గ్రాము దీనికి చుట్టము కాదు. అది ఒక చిన్న బరువునకు గ్రీకు భాషలో గల పేరు. అంగడిలో శనగలను గ్రాములలో తూచునపుడు, ఒకే ధ్వని గల రెండు వేరు మాటలు ఒకచోట కూడుచున్నవి. ఇంగ్లీషువారును మననుండి తీసికొనకపోలేదు. ధాన్యపు రాశికిని, దానిని నిలువచేయు కొట్టునకును మన పేరైన 'గరిసె' వారి లెక్కల పుస్తకములలో 'గార్స్' అను కొలతగా చేరినది. చెన్నపట్టణపు ధాన్యపు వర్తకమున ఆ కొలత చాలకాలము నడచినది.

ఇంతవరకును తూనికలను గూర్చి చెప్పితిమి. కాని డెల్టా పల్లెలలో తూకము వాడుక బంగారమునకు, బెల్లమునకు, పత్తికే గాని వడ్లకు లేదు. వడ్లను కొలిచెడివారు. తూకమునకును కొలతకును గల ఈ భేదమే ఈ కథలో ముఖ్యము.

పుట్టికి ఇరువది తూములు. తూమునకు నాలుగు కుంచములు. కుంచమునకు నాలుగు మానికలు. మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు రెండు అరసోలలు, అరసోలకు రెండు గిద్దెలు. ఒక పుట్టిలో 5,120 గిద్దెలు ఇమిడియున్నవి. అయిదు తూములు ఏదుము. పది తూములు పందుము. కళ్ళములో రాశి కొలుచునపుడు మొదటి కొలతను 'ఒకటి' అనరు, 'లాభము' అందురు. ఆ పిదప రెండు, మూడు అని సాగుదురు. ఏడాది కష్టమంతయు ఎదుట కుప్పగా నున్నపుడు మొదటి మాట శుభముగా నుండవలెనని ఆ ఆచారము.

ఆ రాశి రైతు ఇంటికి తిన్నగా చేరదు. కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి, నీరు కట్టువానికి 'మేర' పేరిట కళ్ళములోనే పాలు కొలిచి ఇచ్చెడివారు. కోతకు, నూర్పుకు వచ్చిన కూలివారికి కుంచములతో కూలి. కోసిన చేనిలో రాలిన కంకులను బీదసాదలు ఏరుకొనెడివారు; దానిని 'పరిగె' అందురు. కొన్ని కంకులను అందముగా కుచ్చులు కట్టి ఇంటి చూరులకు, గుడి మండపములకు పిచ్చుకల కొరకు వ్రేలాడదీసెడివారు. పుట్టి మొదలు పిచ్చుక నోటి గింజ వరకు ఊరిలో ప్రతి ప్రాణికి ఒక కొలత ఏర్పడియుండెను.

అయితే ఆ కొలత అందరికిని ఒక్కటియేనా? ఏ ఊరి కుంచము ఆ ఊరిది. కుంచమును అంచునకు సరిగా కర్రతో త్రోసి కొలుచుట ఒక పద్ధతి. గోపురమువలె పొంగుగా పోసి కొలుచుట వేరొక పద్ధతి. పుచ్చుకొనునపుడు పొంగుగాను, ఇచ్చునపుడు అంచునకు సరిగాను కొలుచువాని చేతిలో కుంచము మారకయే కొలత మారిపోవును. పైగా తాలుగింజ కుంచమును నింపును కాని కడుపును నింపదు. కూలివాని కుంచములో తాలు కలిసినచో ఆ రాత్రి అతని ఇంట గిద్దెడు బియ్యము తక్కువగును. కరవు సంవత్సరములలో ఆ గిద్దెడు బియ్యమే ప్రాణమునకు, మరణమునకు నడిమి గీత.

పన్నుల విషయమునను ఇదే చిక్కు. కంపెనీ యేలుబడిలో గోదావరి మండలమున 'వీసబడి' యను శిస్తు పద్ధతి యొకటి నడచినది. సర్కారు గ్రామమునకంతకు కలిపి ఒక మొత్తము నిర్ణయించును. ఆ మొత్తమును రైతులు వీసముల లెక్కన తమలో తాము పంచుకొందురు. ఎవరి పాలు ఎన్ని వీసములో, ఎవరికి అర వీసము హెచ్చినదో గ్రామములోనే తేలవలెను. నేడు ఏమియు లేదనుటకు వాడు 'వీసమెత్తు' అను మాట, ఆనాడు ఒక కుటుంబము ఆ యేడు ఊరిలో నిలుచునా, వలస పోవునా యనుదానిని నిర్ణయించు మాటగా నుండెను.

19వ శతాబ్దపు పూర్వార్ధము ఈ సీమకు గడ్డుకాలము. 1832–33 నాటి నందన కరవు కృష్ణకు దక్షిణమున గుంటూరు సీమను తుడిచిపెట్టినది. గోదావరి సీమయు దాని తాకిడికి తప్పించుకొనలేదు. 1839 నవంబరులో కోరంగిపై తుపాను, ఉప్పెన విరుచుకుపడినవి. అఖండ గోదావరి కనులయెదుట సముద్రములో కలియుచుండగా పొలములు ఎండుచుండెను. 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ ఈ మండలపు దుస్థితిని ప్రభుత్వమునకు నివేదించెను. ఆ పిదప ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము వద్ద ఆనకట్టను ప్రతిపాదించెను.

ఇచ్చట గ్రెయిన్ మరియొక అర్థములో ఎదురగుచున్నది. డెల్టా యనునదే గింజల కుప్ప. కొండలలో అరిగిన రాయి నదిలో కొట్టుకొనివచ్చి, బరువైన రేణువులు ఇసుకగాను, సన్ననివి ఒండ్రుగాను, మిక్కిలి సన్ననివి బంకమన్నుగాను పేరుకొని, వేలయేండ్లకు కోనసీమయు లంకలును ఏర్పడినవి. రెండు మిల్లీమీటర్లకు లోబడినది ఇసుక. మిల్లీమీటరులో అయిదు వందలవ పాలుకంటె చిన్నది బంకమన్ను. వరిచేనికి ఈ సన్నరేణువు వరమైనది. కాని ఆనకట్ట కట్టువానికి ఇసుకరేణువు శత్రువు. ధవళేశ్వరము వద్ద నది వెడల్పున పునాది కానించుటకు రాతినేల లేదు, అంతయు ఇసుకయే. కదలు ఇసుకపై కట్టడమును నిలుపు ఉపాయమును కాటన్ కావేరిపై పూర్వుల కట్టడమైన కల్లణను చూచి నేర్చుకొనెను. ఆ ఋణమును ఆయన దాచక ఒప్పుకొనెను. ఇసుకలో నూతులు దింపి, వాటిపై కట్టడము లేపి, రాళ్ళను మెండుగా పోయించెను. 1847లో మొదలైన పని 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆ ఆనకట్ట నదిని దాటినది. దాని స్థానమున 1970లో మొదలై 1982లో ముగిసిన బారేజికి కాటన్ పేరే పెట్టబడినది.

నీరు వచ్చినది, గింజ పెరిగినది. ఒకనాడు ఆకలికి కొలతగా నున్న గింజ కాలువలపై పడవలెక్కి దూరదేశములకు పోవు సరకు అయినది. 1925లో పశ్చిమ గోదావరిలోని మార్టేరున వరి పరిశోధన కేంద్రము వెలసినది. 1960–61లో ఆ జిల్లా సాంద్ర వ్యవసాయ పథకమునకు ఎన్నుకొనబడినది. 1966లో ఫిలిప్పీన్సు దేశమున విడుదలయిన ఐ.ఆర్.-8 రకమును మరుసటి యేడు ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు పండించి చూపెను. ఆ రకము గొప్పతనము దాని పొట్టితనములో నున్నది. పాత రకముల పొడుగు దుబ్బులు ఎరువు వేసిన కొలది గింజ బరువునకు నేలకొరగెడివి. పొట్టి దుబ్బు ఆ బరువును మోయగలిగినది. 1982లో మార్టేరునుండి వెలువడిన స్వర్ణ రకము డెల్టాను దాటి తూర్పు భారతమంతట వ్యాపించినది. ఆ కేంద్రమునుండియే 2000లో వచ్చిన వేరొక రకమునకు 'కాటన్ దొర సన్నాలు' అని పేరు. ఇసుకరేణువును జయించినవాని పేరు వరిగింజకు పెట్టుట ఉచితముగానే యున్నది.

ఇంతలో కొలతలు మారినవి. 1956లో భారత ప్రభుత్వము తూనికలు, కొలతల చట్టము చేసినది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. 1958 అక్టోబరునుండి కిలోగ్రాములు అంచెలంచెలుగా అమలులోనికి వచ్చినవి. తులము, వీశె, మణుగు బజారునుండి తొలగినవి. కుంచము, తవ్వ, సోల వంటింటి అటుకలెక్కినవి. నేడు గోదావరి రైతు దిగుబడిని పుట్లలో చెప్పడు. ఎకరమునకు ఇన్ని బస్తాలని చెప్పును. బస్తా 75 కిలోలు. స్వర్ణ వడ్లైనచో అందు సుమారు 37 లక్షల గింజలుండును.

కుంచము పోవుటచే తగవును పోయినదా? కొంతవరకు పోయినది. దేశమంతటను కిలో ఒక్కటే. పొంగు కొలత లేదు. తాలుగింజ కుంచమును మోసగించినట్లు త్రాసును మోసగింపలేదు. కాని తూకమునకు దాని చిక్కు దానికి కలదు. కొలతలో తాలు చేయు పనిని తూకములో తేమ చేయును. ప్రభుత్వము కొను ధాన్యములో తేమ 17 శాతము దాటరాదని నియమము. 20 శాతము తేమగల 75 కిలోల వడ్లను 17 శాతమునకు ఆరబెట్టినచో 72 కిలోల పైచిలుకే మిగులును. తక్కిన రెండున్నర కిలోలకు పైగా నీరే. ఆ నీటికి వెల చెల్లింపకుండుట కొనువానికి న్యాయము. కాని కోతల వేళ నవంబరులో తుపాను పట్టినచో రైతు వడ్లను ఎచ్చట ఆరబెట్టును? 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుపాను వంటి వేళల తేమను కొలుచు పనిముట్టు పలుకు అంకెపై ఒక కుటుంబపు ఏడాది సంపాదన ఆధారపడియుండును. దారి ప్రక్కన, కళ్ళములలో వడ్లు ఆరబోసి, మబ్బువంక చూచుచు, ఒక గింజను పంట క్రింద కొరికి 'టక్కు'మను చప్పుడు వినుటకై వేచియుండు రైతును ఈ సీమలో ప్రతివారును చూచియుందురు. ఆ పంటి పరీక్షను పనిముట్టు ఒప్పుకొనకపోయినచో వడ్లు మరల ఎండకు పోవలసినదే, లేదా తరుగు ఒప్పుకొనవలసినదే.

కొలబద్ద ఎవరి చేతిలో నున్నదని మొదట వేసికొన్న ప్రశ్నకు ఈ చరిత్ర ఒక సమాధానము చెప్పుచున్నది. రూపాయి ఎత్తును కంపెనీవారు నిర్ణయించిరి. వీసబడి వీసమును గ్రామమున పలుకుబడి గలవారు నిర్ణయించిరి. కుంచపు పొంగును కొలుచువాడు నిర్ణయించెను. కిలోను మాత్రము చట్టము నిర్ణయించినది. అది గొప్ప మేలు. అందరికిని ఒక్కటిగా నుండు కొలత యొకటి ఉన్నదని బీదవాడు నిబ్బరముగా చెప్పగలుగుట ఈ సీమలో ఇటీవలి సంగతి. తేమను చూచు పనిముట్టు కూడ అట్లే అమ్మువాని కనులకును, కొనువాని కనులకును ఒక్క అంకెనే చూపవలెను. ఆ అంకె ఎట్లు వచ్చినదో ఇరువురికిని తెలియవలెను. వాన కురిసిన యేడు ఆరబెట్టుకొనుటకు చోటు, వసతి రైతునకు దొరకవలెను. అప్పుడే తూకము కుంచముకంటె నిజముగా మెరుగైనదగును.

పెండ్లి పందిరిలో అక్షతలు వేయునపుడు విరిగిన నూక కలియకుండ పెద్దలు జాగ్రత్తపడుదురు. అక్షతమనగా విరుగనిదని అర్థము. డెల్టా రైతు విరుగని గింజను ఇంటికి తెచ్చుకొనుట ఎంత కష్టమో ఆ బియ్యమును చేతిలోనికి తీసికొన్నవారికి కొంత జ్ఞాపకమున్నచో, ఆ చిన్న మాటకు గల అర్థములలో ముఖ్యమైనది వారికి తెలిసినట్లే.